తాడును పాము అనుకున్నవాడే బతికాడు

డార్విన్ ఇంట్లో ఒక కుక్క ఉండేది. బాగా ఎదిగిన, బుద్ధిగల కుక్క అని ఆయనే రాసుకున్నాడు. ఒక ఎండాకాలం రోజు, గాలి లేక ఉక్కగా ఉన్న పూట, అది పచ్చికలో పడుకుని ఉంది. కొంచెం దూరంలో తెరిచి పెట్టిన గొడుగు. ఎప్పుడో ఒకసారి చిన్న గాలి తెర వచ్చి ఆ గొడుగును కదిపేది, కదిలిన ప్రతిసారీ కుక్క గుర్రుమని మొరిగేది. గొడుగు పక్కన మనిషి ఎవరైనా నిలబడి ఉంటే మాత్రం దాన్ని అసలు పట్టించుకునేదే కాదట. కారణం కనపడకుండా వస్తువు కదిలిందంటే అక్కడ కనపడని ప్రాణి ఏదో ఉన్నట్టే, తన జాగాలోకి కొత్తవాడెవడో వచ్చినట్టే అని కుక్క తనకు తెలియకుండానే లెక్క వేసుకుని ఉంటుందని డార్విన్ ఊహ. 1871లో మనిషి పుట్టుక గురించి రాసిన పుస్తకంలో, దేవుళ్ల మీద, ఆత్మల మీద నమ్మకం ఎలా మొదలై ఉంటుందో చెప్పే చోట ఆయన ఈ కుక్కను తెచ్చి పెట్టాడు.

మన దగ్గర పరిణామం, దేవుడు అనే రెండు మాటలు ఒకచోట పడితే గొడవ ఎప్పుడూ ఒకే దారిలో నడుస్తుంది. పరిణామం నిజమైతే దేవుడు లేనట్టే అని ఒకరు, దేవుడు ఉన్నాడు కాబట్టి డార్విన్ తప్పు అని ఇంకొకరు, మధ్యలో "కోతి నుంచి మనిషి వస్తే ఇంకా కోతులెందుకున్నాయి" అనే ప్రశ్న. దానికి జవాబు చిన్నదే. మనిషి కోతి నుంచి రాలేదు, మనకూ చింపాంజీకీ సుమారు 60, 70 లక్షల ఏళ్ల కిందట తాత ఒక్కడే. పెదనాన్న పిల్లలు ఇంకా ఎందుకు బతికున్నారని ఎవరూ అడగరు కదా. దీనికంటే ఆసక్తికరమైన ప్రశ్న వేరే ఉంది. పరిణామంలో తయారైన ఈ జంతువు ఒక్కటే గుడి ఎందుకు కట్టుకుంది? తెలిసిన సమాజాల్లో దాదాపు అన్నిటిలోనూ ఏదో ఒక రూపంలో కనపడని శక్తుల మీద నమ్మకం ఎందుకుంది? దేవుడు ఉన్నాడా లేడా అనేది కాసేపు పక్కన పెట్టి, నమ్మే మనసు ఎలా తయారైందో చూద్దాం.

రాత్రి కరెంటు ఇచ్చే రోజుల్లో మోటారు వేయడానికి పొలానికి వెళ్లిన రైతును తలుచుకోండి. చేతిలో టార్చి, గట్టు మీద చెప్పుల చప్పుడు, ఎదురుగా వంకర తిరిగి పడి ఉన్న ఏదో. ఆలోచించే లోపే కాలు వెనక్కి వస్తుంది. టార్చి సరిగ్గా వేసి చూస్తే పాత మోకు ముక్క. రజ్జుసర్పభ్రాంతి అని వేదాంతులు వందల ఏళ్లుగా చెబుతున్న ఉదాహరణే ఇది, వాళ్లు దీన్ని మాయ గురించి చెప్పడానికి వాడుకున్నారు. జీవశాస్త్రం వైపు నుంచి చూస్తే ఇదే ఉదాహరణలో ఇంకో లెక్క కనపడుతుంది. తాడును పాము అనుకుంటే పోయేది ఒక ఉలికిపాటు. పామును తాడు అనుకుంటే పోయేది ప్రాణం. రెండూ పొరపాట్లే, కానీ ఖరీదు ఒకటి కాదు. లక్షల ఏళ్లపాటు ఈ లెక్క నడిచాక ఎవరి పిల్లలు మిగిలి ఉంటారు? అనవసరంగా ఉలిక్కిపడేవాళ్ల పిల్లలే. పొదలో చప్పుడైతే గాలేమో అనుకున్నవాడి కంటే పులేమో అనుకున్నవాడు ఎక్కువ రోజులు బతికాడు. జస్టిన్ బారెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీనికో పొడుగాటి పేరు పెట్టాడు గానీ, మనం తేలిగ్గా అతి జాగ్రత్త అలారం అనుకోవచ్చు. చుట్టూ జరిగే ప్రతిదాని వెనుకా "ఏమిటి" అని కాకుండా "ఎవరు" అని ముందు అడిగే అలారం.

ఇది వినడానికి చాలా బాగుంటుంది, అందుకే ఇంటర్నెట్‌లో చాలామంది ఇక్కడితో ఆపేసి దేవుడి లెక్క తేల్చేశామంటారు. తేలలేదు. ఈ అలారం ఎవరికి ఎక్కువ మోగుతుందో వాళ్లే ఎక్కువ భక్తులు అని చూపడానికి చేసిన పరీక్షల్లో గట్టి రుజువు దొరకలేదు. పైగా టార్చి వేసి చూశాక తాడు తాడే అయిపోతుంది, భయం పోతుంది. డార్విన్ కుక్క కూడా మొరిగి మళ్లీ పడుకుంది, గొడుగుకు కొబ్బరికాయ కొట్టలేదు. ఉలికిపాటు నుంచి నమ్మకం దాకా రావాలంటే మధ్యలో ఇంకా చాలా కావాలి.

అందులో మొదటిది ఎదుటివాడి మనసును ఊహించే గుణం. 1944లో హైడర్, సిమెల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక చిన్న బొమ్మల ఫిల్మ్ తీశారు. తెర మీద ఒక పెద్ద త్రికోణం, ఒక చిన్న త్రికోణం, ఒక గుండ్రటి చుక్క, తలుపు ఉన్న పెట్టె లాంటి గీత, అంతే. అవి అటూ ఇటూ కదులుతాయి. ఏం చూశారో రాయమని 34 మందిని అడిగితే ఒక్కరు తప్ప అందరూ కథ రాశారు, త్రికోణానికి కోపం వచ్చిందని, చుక్క భయపడి ఇంట్లో దాక్కుందని, చిన్నది దాన్ని కాపాడిందని. గీతల కదలికలను గీతల కదలికలుగా రాసింది ఒక్కరే. మనమేం తక్కువ తినలేదు. పొద్దున్నే స్టార్ట్ కాని స్కూటీతో "లేటవుతోంది, స్టార్ట్ అవ్వవే తల్లీ" అని బతిమాలతాం. దసరాకి బండి టైర్ల కింద నిమ్మకాయలు పెడతాం, ఆఫీసులో కంప్యూటర్‌కి కుంకుమ బొట్టు పెట్టి ఆ బొట్టు పెట్టిన చేత్తోనే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తాం. బండికి మనసు లేదని తెలియక కాదు. మనసున్న వాటితో వ్యవహరించే అలవాటు మన బుర్రలో అంత లోతుగా ఉంది.

ఆ అలవాటు ఎందుకు వచ్చిందంటే మనిషికి అతి పెద్ద అవసరమూ, అతి పెద్ద ప్రమాదమూ పక్క మనిషే కాబట్టి. ఎవరు ఎవరి వైపు, ఎవరికి ఎవరి మీద కడుపుమంట, ఎవరు మాట తప్పుతారు, ఇది తెలియనివాడు గుంపులో నిలవలేడు. చింపాంజీకి కూడా కొంతవరకు ఈ తెలివి ఉంది. మనిషి దాన్ని అంతస్తుల మీద అంతస్తులుగా కట్టాడు. "నా మనసులో ఏముందో దేవుడికి తెలుసని నువ్వు నమ్ముతున్నావని నాకు తెలుసు" అనే ఒక్క వాక్యంలో ఎన్ని మనసులు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉన్నాయో లెక్కపెట్టండి. ఇలాంటి అంతస్తులు ఎక్కగలిగితే తప్ప మతం అనేది సాధ్యం కాదని రాబిన్ డన్‌బార్ అనే పరిణామ మనస్తత్వ శాస్త్రవేత్త అంటాడు. కుక్క ఆగిపోయింది ఇక్కడే. దానికి కనపడని వాడు వచ్చాడన్న భయం ఉంది, ఆ కనపడనివాడు ఏమనుకుంటున్నాడో ఊహించి పక్క కుక్కకు చెప్పే భాష లేదు.

పిల్లల్లో ఇంకొకటి గమనించారు. డెబొరా కెలెమన్ అనే పరిశోధకురాలు, కొన్ని రాళ్లు ఎందుకు మొనదేలి ఉంటాయి అని పిల్లలను అడిగింది. మట్టి పేరుకుని అలా అయ్యాయనే జవాబు ఎదురుగా ఉన్నా పిల్లలు దాన్ని వదిలేసి, జంతువులకు దురద పుడితే గోక్కోవడానికి అనే జవాబు ఎంచుకున్నారు. ప్రతిదీ దేనికోసమో ఉందని అనుకోవడం వాళ్లకు సహజంగా వస్తుంది. పెద్దయ్యాక పోతుందా అంటే పూర్తిగా పోదు. సైన్సు చదివి అదే వృత్తిలో ఉన్నవాళ్లకు కూడా ఆలోచించే టైమ్ ఇవ్వకుండా గబగబా ప్రశ్నలు వేస్తే అలాంటి జవాబులు ఒప్పుకోవడం పెరిగింది. చదువు ఆ అలవాటును తీసేయదు, పైన మూత పెడుతుంది. టెన్షన్ వచ్చినప్పుడు మూత లేస్తుంది, పరీక్షల ముందు గుడి దగ్గర క్యూ చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

ఇప్పుడు చావు దగ్గరకు వద్దాం, ఎందుకంటే అసలు విషయం ఇక్కడే ఉంది. జెస్సీ బెరింగ్, డేవిడ్ బ్యోర్క్‌లండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పిల్లలకు ఒక తోలుబొమ్మలాట లాంటిది చూపించారు. అడవిలో తప్పిపోయిన ఎలుకపిల్లను మొసలి తినేస్తుంది. ఎలుక చచ్చిపోయిందని పిల్లలకు తెలుసు. దాని మెదడు ఇంకా పనిచేస్తుందా అంటే చాలామంది లేదన్నారు. ఇంకా అన్నం తింటుందా, లేదు. మరి వాళ్లమ్మ మీద బెంగ ఉంటుందా? ఉంటుంది. శరీరం ఆగిందని ఒప్పుకున్న పిల్లలే బెంగ ఆగిందని ఒప్పుకోలేదు.

పదో రోజో పదకొండో రోజో చెరువు గట్టున పిండం పెట్టి కాకి కోసం చూసే కుటుంబాన్ని చూసే ఉంటారు. విస్తరిలో పోయినాయనకు ఇష్టమైనవన్నీ ఉంటాయి, గారె, ఒక్కోసారి సిగరెట్టు కూడా. కాకులు చెట్టు మీదే ఉంటాయి, దిగవు. పది నిమిషాలు గడిచేసరికి గుసగుస మొదలవుతుంది, ఏదో మనసులో పెట్టుకుని పోయాడు, చిన్నదాని పెళ్లి గురించేనేమో. అప్పుడు పెద్దకొడుకు చేతులు జోడించి పైకే అంటాడు, "దాని పెళ్లి నేను చేస్తాను నాన్నా." కాకి వాలుతుంది, ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. కాకి ఎందుకు వాలిందనే ప్రశ్నకు జనం కొంచెం వెనక్కి జరగడం లాంటి మామూలు జవాబులు బోలెడు ఉన్నాయి. కానీ ఆ పది నిమిషాల్లో ఆ గట్టు మీద జరిగింది చూడండి. ఇన్నేళ్లు ఆయన మనసును చదువుతూ బతికిన వాళ్ల బుర్రలు, ఆయన పోయి పదకొండు రోజులైనా ఆ పని ఆపలేదు. నాన్న ఏమనుకుంటాడు అని ఆలోచించే అలవాటుకు, నాన్న లేడు అనే సమాచారం అడ్డు కాదు. పైగా ఆ పది నిమిషాలకు ఒక ఫలితం కూడా ఉంది, పది మంది ముందు ఒక కొడుకు చెల్లెలి బాధ్యత తన మీద వేసుకున్నాడు.

చనిపోయినవాళ్ల పట్ల ఈ పట్టింపు ఎప్పటిదో తవ్వకాలు కొంత చెబుతాయి. ఇజ్రాయెల్‌లోని కఫ్జే గుహలో సుమారు లక్ష ఏళ్ల నాటి సమాధుల దగ్గర ఎర్రమట్టి దొరికింది. రష్యాలోని సుంగీర్‌లో 30 వేల ఏళ్లకు పైబడిన గుంటలో ఇద్దరు పిల్లలను తలకు తల ఆనించి పడుకోబెట్టారు, వాళ్ల ఒంటి మీద పదివేలకు పైగా మామత్ (అంతరించిపోయిన ఏనుగు జాతి) దంతపు పూసలు, ఒక్కో పూస చెక్కడానికి ఎంతసేపు పడుతుందో ఊహించండి. అయితే తవ్వకాల కథల్ని తొందరపడి నమ్మకూడదు. ఇరాక్‌లోని షనిదార్ గుహలో నియాండర్తాల్ (మనకు దగ్గరి చుట్టమై అంతరించిపోయిన మానవజాతి) శవం పక్కన పూల పుప్పొడి దొరికిందని, అంటే వాళ్లు పూలు చల్లి సాగనంపారని కొన్నేళ్లు ప్రపంచమంతా చెప్పుకుంది. తర్వాత చూస్తే ఆ పుప్పొడిని బొరియలు చేసే ఎలుక జాతి జీవులో, తేనెటీగలో తెచ్చిపెట్టి ఉండవచ్చని తేలింది. పూలు చల్లారని నమ్మాలని మనకు ఎంత కోరికో కూడా ఆ కథే చెబుతుంది.

జర్మనీలోని ఒక గుహలో 1939 ఆగస్టులో, యుద్ధం మొదలవడానికి కొద్ది రోజుల ముందు, దంతపు ముక్కలు కొన్ని దొరికాయి. అవి ముప్పై ఏళ్లు పెట్టెలో పడి ఉన్నాయి. అతికించి చూస్తే సింహం తల, మనిషి ఒళ్లు, 31 సెంటీమీటర్ల ఎత్తు, వయసు సుమారు 40 వేల ఏళ్లు. తెలుగువాడికి ఆ ఫోటో చూడగానే అహోబిలమో సింహాచలమో గుర్తుకొస్తుంది, వాట్సాప్‌లో అయితే "40 వేల ఏళ్ల నాటి నరసింహస్వామి" అని తిరుగుతూనే ఉంటుంది. అది నరసింహుడు కాదు, ఆ చెక్కినవాళ్లకూ మనకూ ఆ కథలో ఏ చుట్టరికమూ లేదు. చెప్పుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ప్రపంచంలో ఎక్కడా లేని జీవిని మనసులో కట్టుకుని, రాతి పనిముట్లతో 400 గంటలు కూర్చుని చెక్కగల బుర్ర అప్పటికే తయారైంది. ఇంత శ్రమ తిండికి పనికిరాని బొమ్మ మీద పెట్టడానికి ఆ గుంపు ఒప్పుకుంది కూడా.

ఎలాంటి జీవులు దేవుళ్లుగా నిలుస్తాయి అనేదానికి పాస్కల్ బొయెర్ అనే మానవశాస్త్రవేత్త చెప్పిన మాట ఒకటి బాగుంటుంది. మరీ మామూలుగా ఉంటే గుర్తుండదు, మరీ వింతగా ఉంటే బుర్రకెక్కదు. అంతా మనిషిలాగే ఉండి ఒకటి రెండు చోట్ల మాత్రం తేడా ఉండాలి. మంగళగిరి పానకాలస్వామిని తీసుకోండి. ఆయనకు పానకం ఇష్టం, నోట్లో పోస్తే గుటకలు వేసిన చప్పుడు వస్తుందంటారు, సగం తాగి సగం భక్తుడికి మిగులుస్తాడు. దాహం, రుచి, మర్యాద అన్నీ మనవే, తాగేది మాత్రం కొండ. ఒకసారి వింటే చచ్చేదాకా మర్చిపోరు. వేదాంతుల దేవుడు, అంటే గుణాలు లేని, రూపం లేని, మార్పు లేని పరబ్రహ్మం, పుస్తకాల్లో బాగానే ఉంటాడు గానీ ఆయనకు జాతర జరగదు.

ఇంతకీ ఈ నమ్మకం మనిషికి ఉపయోగపడింది కాబట్టి పరిణామం దాన్ని నిలిపి ఉంచిందా, లేక వేరే వాటి వెంట ఊరికే వచ్చిందా? పరిశోధకులు విడిపోయేది ఇక్కడే. ఇంట్లో మెట్లు కడితే మెట్ల కింద మూలగా కాస్త చోటు మిగులుతుంది. ఆ చోటు కోసం ఎవరూ మెట్లు కట్టరు, మెట్లు కడితే అది తప్పదు. తర్వాత చాలా ఇళ్లలో అదే దేవుడి గూడు అవుతుంది. గూల్డ్, లెవాంటిన్ అనే జీవశాస్త్రవేత్తలు 1979లో వేరే కట్టడాన్ని ఉదాహరణగా తీసుకుని జీవశాస్త్రంలో ఇదే వాదన చేశారు, ప్రతి లక్షణానికీ ఒక ప్రయోజనం అంటగట్టకండి అని. అతి జాగ్రత్త అలారం, మనసు చదివే తెలివి, కారణం వెతికే బుద్ధి, ఇవి మెట్లు. దేవుడి మీద నమ్మకం మెట్ల కింద మిగిలిన చోటు. మొదట్లో అంతే అయి ఉంటుంది. కానీ గూడు కట్టాక ఇంటివాళ్లు రోజూ అక్కడ దీపం పెట్టడం మొదలుపెడతారు, ఇంటి నడకే దాని చుట్టూ తిరుగుతుంది, ఇక అది మిగులు చోటు కాదు.

పోచమ్మ సంగతి చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. మశూచి వస్తే తెలుగువాళ్లు రోగం వచ్చిందనలేదు, అమ్మవారు పోసింది అన్నారు, ఆటలమ్మకు ఇప్పటికీ అలాగే అంటాం. గుమ్మానికి వేపమండలు, ఇంట్లో తాలింపు బంద్, బయటివాళ్లు లోపలికి రాకూడదు, తగ్గితే తల్లి చల్లబడింది అని తలకు పోసి నైవేద్యం. కంటికి కనపడనిది ఊరి మీద పడి పిల్లల్ని తీసుకుపోతుంటే, "ఏమిటి" అని అడిగే సాధనాలు లేని రోజుల్లో "ఎవరు" అని అడిగారు, ఎవరు అన్నాక బతిమాలుకునే దారి దొరికింది. ఇంతవరకు అలారం సిద్ధాంతం సరిపోతుంది. కానీ మన దేశంలో మశూచి 1975తో ఆగిపోయింది, 1980లో ప్రపంచంలోనే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. నమ్మకం అనేది రోగానికి చెప్పుకున్న తప్పుడు వివరణ మాత్రమే అయితే పోచమ్మ ఆ పాటికి అటకెక్కాలి. బోనాలు 2014లో తెలంగాణ రాష్ట్ర పండుగ అయ్యాయి. రోగం పోయింది, తల్లి ఉంది. ఎందుకంటే ఈలోపు ఆమె చుట్టూ ఆడపడుచుల రాకపోకలు, పోతరాజు వీరంగం, వీధుల మధ్య పోటీ, వలసపోయినవాళ్లు ఏడాదికోసారి ఇంటికొచ్చే సాకు అన్నీ అల్లుకున్నాయి. నాస్తికులు చాలామంది దేవుణ్ణి సైన్సుకు పోటీ వివరణగా మాత్రమే చూసి, వివరణ ఓడిపోయింది కదా ఇంకా ఎందుకు పోవట్లేదని ఆశ్చర్యపోతుంటారు. వాళ్లు చూస్తున్నది పునాదిలో ఒక రాయిని మాత్రమే.

గుండం తొక్కడం ఇంకో ఉదాహరణ. చిత్తూరు వైపు ద్రౌపదమ్మ తిరునాళ్లలో, వీరభద్రుడి ఉత్సవాల్లో, పీర్ల పండుగలో నిప్పుల మీద నడుస్తారు. విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లు ఏ దేవుడి పేరూ తలచకుండా అదే నిప్పుల మీద నడిచి చూపించారు. వాళ్లు చెప్పింది నిజమే, బొగ్గు, దాని మీది బూడిద వేడిని పాదానికి నెమ్మదిగా అందిస్తాయి, అడుగు ఆనేది క్షణకాలం, ఆగకుండా నడిస్తే కాలదు. కాలు సంగతి తేలింది. కానీ ఊరంతా తెల్లవార్లూ ఎందుకు మేలుకుని చూస్తుంది? స్పెయిన్‌లోని సాన్ పెద్రో మన్రికే అనే ఊళ్లో ఏటా జూన్‌లో ఇలాగే నిప్పుల మీద నడుస్తారు. దిమిత్రిస్ జైగలాటాస్, ఆయన తోటి పరిశోధకులు నడిచేవాళ్లకూ చూసేవాళ్లకూ గుండె వేగం కొలిచే పరికరాలు కట్టారు. నడిచేవాడి గుండె కొట్టుకునే తీరూ, గట్టు మీద కూర్చుని చూస్తున్న వాడి బంధువులు, స్నేహితుల గుండె తీరూ ఒకే లయలోకి వచ్చాయి. ఊరికే చూడటానికి వచ్చిన పరాయివాళ్లది రాలేదు. మారిషస్‌లో మురుగన్ పండుగ తైపూసం రోజు ఒంటికి శూలాలు గుచ్చుకుని కావడి మోసే భక్తుల మీద చేసిన ఇంకో పరిశీలనలో, ఎంత ఎక్కువ నొప్పి అనుభవించామన్నవాళ్లు అంత ఎక్కువ డబ్బు గుడికి విరాళమిచ్చారు.

నొప్పి, ఖర్చు, ఉపవాసం, గుండు, ఇవన్నీ పైకి దండగలాగే ఉంటాయి, ఉండాలి కూడా. తేలిగ్గా చేయగలిగితే ఎవడైనా చేసి గుంపులో చేరి తినేసి పోతాడు. 41 రోజులు అయ్యప్ప మాల వేసుకుని నేల మీద పడుకుని చన్నీళ్లు పోసుకునేవాణ్ణి చూసి, అప్పిచ్చేవాడు ఇంకొంచెం ధైర్యంగా అప్పిస్తాడు. రిచర్డ్ సోసిస్ అనే మానవశాస్త్రవేత్త అమెరికాలో 19వ శతాబ్దంలో పుట్టిన 200 సామూహిక కాలనీల చరిత్ర తిరగేశాడు, కొన్ని మతం మీద, కొన్ని సోషలిజం లాంటి ఆశయాల మీద నడిచినవి. ఏ ఏడాది చూసినా మతం మీద నడిచినవి నిలబడే అవకాశం సుమారు నాలుగు రెట్లు ఎక్కువ. తర్వాత 83 కాలనీలను వివరంగా చూస్తే, మత కాలనీల్లో ఎన్ని కఠిన నియమాలు ఉంటే అంత ఎక్కువ కాలం బతికాయి, మతం లేని వాటిలో నియమాలు పెంచినా ఆయుష్షు పెరగలేదు. దేవుడి కోసం మద్యం మానమంటే మానేవాడు, కమిటీ తీర్మానం కోసం మానమంటే ఎందుకని అడుగుతాడు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులకు వెళ్లినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

దీన్ని ఇంకా సాగదీసి, పైనుంచి చూస్తూ పాపపుణ్యాలు లెక్కవేసే పెద్ద దేవుళ్ల వల్లే పెద్ద సమాజాలు సాధ్యమయ్యాయని ఆరా నొరెంజయాన్ లాంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు వాదించారు. నలభై మంది గుంపులో ఎవడు దొంగో అందరికీ తెలుసు, లక్ష మంది ఊళ్లో తెలియదు, అక్కడ చూసే కన్ను కావాలి. టాంజానియాలోని హాడ్జా వేటగాళ్ల దేవుడికి మనుషుల నీతి అవినీతుల మీద పెద్ద పట్టింపు లేదని వాళ్లతో ఏళ్లపాటు గడిపినవాళ్లు రాశారు. మన దగ్గర కూడా ఈ తేడా కనపడుతుంది. ఊరి పొలిమేర పోలేరమ్మకు కావలసింది జాతర సక్రమంగా జరగడం, మీరు ఎవరికి అప్పు ఎగ్గొట్టారో ఆమె అడగదు. చిత్రగుప్తుడు అడుగుతాడు, చిట్టా రాసి పెట్టుకుంటాడు. వాదన ఆకర్షణీయంగానే ఉంది, రుజువు మాత్రం తడబడుతోంది. పెద్ద రాజ్యాలే ముందు వచ్చాయి, నీతి చెప్పే దేవుళ్లు తర్వాత వచ్చారని 2019లో ఒక ప్రఖ్యాత సైన్స్ పత్రికలో పెద్ద చారిత్రక డేటాతో వ్యాసం వచ్చింది. ఆధారాలు దొరకని కాలాలను దేవుళ్లు లేని కాలాలుగా లెక్కేశారని విమర్శ వచ్చి 2021లో ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. టర్కీలోని గోబెక్లి తెపేలో వ్యవసాయం రాకముందే, సుమారు 11,500 ఏళ్ల కిందట, వేటగాళ్లు టన్నుల బరువున్న రాతి స్తంభాలు నిలబెట్టారు. గుడి కోసం గుమిగూడితేనే ఊరు పుట్టిందని అప్పట్లో ఎంతో ఉత్సాహంగా చెప్పారు, తర్వాత అక్కడే ఇళ్ల ఆనవాళ్లు, ధాన్యం నూరిన రాళ్లు బయటపడి ఆ కథ కూడా అంత సూటిగా లేదని తేలింది. గుడి ముందా ఊరు ముందా అనేది ఇంకా తెగని పంచాయితీయే.

మెదడులో దేవుడి కేంద్రం ఉందని, దేవుడి జీన్ దొరికిందని, తలకు అయస్కాంతాల హెల్మెట్ పెడితే దైవసాక్షాత్కారం అవుతుందని అప్పుడప్పుడూ వచ్చే వార్తల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. హెల్మెట్ ప్రయోగాన్ని స్వీడన్‌లో, ఎప్పుడు కరెంటు ఆన్ అయిందో ఎవరికీ తెలియకుండా మళ్లీ చేస్తే, అయస్కాంతం ఉన్నా లేకపోయినా తేడా రాలేదు. ఒక్క జీన్‌తో, మెదడులో ఒక్క మూలతో తేలే విషయమైతే ఇన్ని వేల ఏళ్లు ఇన్ని రకాల దేవుళ్లు ఉండరు.

ఇంకో చుట్టరికం కూడా మన దగ్గర బాగా నడుస్తుంది, దశావతారాలే పరిణామ సిద్ధాంతం అని. 2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్రా విశ్వవిద్యాలయం అప్పటి ఉపకులపతి కూడా ఈ మాటే అని దేశమంతా వార్తల్లోకెక్కారు. ఇది కొత్తదేమీ కాదు, 1882లోనే బ్రహ్మసమాజం నాయకుడు కేశవచంద్ర సేన్ ఈ పోలిక తెచ్చాడు. చేప, తాబేలు, పంది, సగం మృగం, పొట్టివాడు, చదవడానికి వరుస కుదిరినట్టే ఉంటుంది. కానీ తాబేలు నుంచి పంది రాలేదు, పరిణామం నిచ్చెన కాదు, కొమ్మలు చీలే చెట్టు. పైగా అయిదు, ఆరు, ఏడు అవతారాలకు వచ్చేసరికి జీవజాతి మారడమే ఆగిపోతుంది, పెళ్లి చేసుకుని వస్తున్న రాముడికి పరశురాముడు దారిలోనే ఎదురవుతాడు. అవతారాల కథ ధర్మం గురించి చెప్పేది, దాన్ని జీవశాస్త్రం పరీక్షలో కూర్చోబెడితే పాస్ అవదు, కథకూ అవమానమే. డార్విన్ ఒప్పుకుంటే తప్ప మన దేవుడికి విలువ లేదనుకోవడం భక్తి ఎలా అవుతుందో ఆలోచించాల్సిందే.

నమ్మే మనసు ఎలా తయారైందో తెలిసింది కాబట్టి నమ్మింది అబద్ధం అనడం కూడా అంతే తొందరపాటు. లెక్కలు చేసే మెదడు కూడా పరిణామంలోనే వచ్చింది, దానివల్ల రెండు రెళ్లు నాలుగు కాకుండా పోలేదు. పాము భయం పరిణామం ఇచ్చిందే, అయినా పాములు ఉన్నాయి. దెయ్యం భయమూ అక్కడి నుంచే వచ్చింది, దెయ్యాలు ఉన్నాయని దానివల్ల రుజువు కాదు. నమ్మకం పుట్టుక చెప్పే శాస్త్రం దేవుడి ఉనికి మీద తీర్పు చెప్పలేదు, ఆ పని దాని చేతిలో లేదు. అయితే ఒకటి మాత్రం చేస్తుంది. "ఇంతమందికి ఇన్ని యుగాలుగా అనిపిస్తోంది కాబట్టి ఉండే ఉంటాడు" అనే వాదనలో బలం తగ్గిస్తుంది, ఎందుకంటే ఉన్నా లేకపోయినా మనకు అలాగే అనిపించి ఉండేది.

పరిణామం సహజ ఎంపికతో, అంటే బతకగలిగినవాటి సంతానమే మిగలడంతో, జరుగుతుందని ఒకే సమయంలో కనిపెట్టిన డార్విన్, వాలెస్ ఇద్దరే నమ్మకం విషయంలో రెండు దారులు పట్టారు. వాలెస్, మనిషి మనసు సహజ ఎంపికతో వచ్చేది కాదని తేల్చుకుని ఆత్మలతో మాట్లాడే సభల వైపు వెళ్లాడు. డార్విన్ మెల్లమెల్లగా నమ్మకం పోగొట్టుకున్నాడు, పదేళ్ల కూతురు ఆనీ 1851లో చనిపోవడం ఆయన్ను కుదిపేసింది, చివరి రోజుల్లో తాను నాస్తికుణ్ణి కాదు, తెలియదనేవాణ్ణి అని రాశాడు. ఆయన భార్య ఎమ్మా మాత్రం భక్తురాలు. పెళ్లయిన కొత్తలో ఆమె ఆయనకొక ఉత్తరం రాసింది, నీ సందేహాలు ఇలాగే సాగితే చనిపోయాక మనం కలిసి ఉండమేమో, ఎప్పటికీ ఒకరికొకరం కామేమో అన్న భయం అందులో ఉంది. మొసలి తిన్న ఎలుకపిల్లకు అమ్మ మీద ఉన్న బెంగ లాంటిదే అది. కుక్కనూ గొడుగునూ చూసి దేవుళ్ల పుట్టుకను ఊహించిన మనిషి ఆ ఉత్తరాన్ని జీవితమంతా దాచుకున్నాడు. దాని మీద తన చేత్తో, నేను పోయాక తెలుసుకో, దీన్ని ఎన్నోసార్లు ముద్దుపెట్టుకుని ఏడ్చాను అని రాసి పెట్టాడు.